ఒకే మోడల్, రెండు రకాల సౌండ్: చవక ఇయర్‌ఫోన్ల గాలి దారుల లెక్క

చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ ఏదైనా తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. గుల్ల మీద, చెవి వైపు, నాజిల్ (రబ్బరు తొడిగే చిన్న గొట్టం) మొదలయ్యే చోట సూదిమొన పట్టేంత చిల్లు ఒకటి సాధారణంగా కనిపిస్తుంది. చాలా మోడళ్లలో వెనక వైపు ఇంకొకటి ఉంటుంది. దాన్ని మైకు అనుకునేవాళ్లున్నారు, దుమ్ము పోతుందేమోనని టేపుతో మూసేసేవాళ్లూ ఉన్నారు. ఒకే మోడల్ కొన్న ఇద్దరిలో ఒకరు బేస్ దంచేస్తోందని, ఇంకొకరు బేసే లేదని అంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఆ తేడా ఎక్కువసార్లు ఆ చిల్లులోనో, దాని మీద అతికించిన పలుచటి కాగితంలోనో, చెవికి పట్టే రబ్బరులోనో ఉంటుంది. 500 నుంచి 2,500 రూపాయల మధ్య దొరికే వైరు ఇయర్‌ఫోన్ల సౌండ్‌ను నిర్ణయించేది శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, అంటే డ్రైవర్, ఒక్కటే కాదు. దాని ముందూ వెనకా గాలి ఏ దారిన పోతోందన్నదీ దానికి సమానంగా ముఖ్యం. ఇది పట్టుబడితే ఇంట్లోనే సరిచేసుకోగలిగింది ఏదో, మన చేతిలో లేనిది ఏదో తేలిపోతుంది.

లోపల ఉండేది ఇది. 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి డ్రైవర్. అందులో తల వెంట్రుక కంటే ఎంతో పలుచటి ప్లాస్టిక్ పొర, పొరకు అతికించిన రాగి తీగ చుట్ట, దాని చుట్టూ అయస్కాంతం. డ్రైవర్ వీపు మీద నాలుగైదు చిన్న రంధ్రాలు, వాటిని కప్పుతూ ఒక కాగితం. డ్రైవర్ ముందు చిన్న గాలి గది, అక్కడి నుంచి నాజిల్, నాజిల్ మూతికి సన్నటి జాలి. డ్రైవర్ వెనక ఇంకొక గాలి గది.

ముందు గదికి ఉన్న చిల్లు ఏం చేస్తుందో చూద్దాం. ఇయర్‌ఫోన్ చెవిని గట్టిగా మూసినప్పుడు పొరకూ కర్ణభేరికీ మధ్య కొద్దిపాటి గాలి చిక్కుకుంటుంది. పొర ముందుకు వస్తే ఆ గాలి నొక్కుకుంటుంది, వెనక్కి పోతే వదులవుతుంది. సెకనుకు 40 సార్లు మారే బేస్ ఒత్తిడి నిదానమైనది, చిల్లులోంచి బయటికి జారుకోవడానికి దానికి వ్యవధి చిక్కుతుంది. సెకనుకు 4,000 సార్లు మారే ఒత్తిడికి అంత వ్యవధి ఉండదు. అందుకే ముందు చిల్లు పెద్దదైన కొద్దీ బేస్ తగ్గుతుంది, గొంతులూ ట్రెబులూ (పదునైన పై శబ్దాలు) అలాగే ఉంటాయి. రబ్బరు చెవికి సరిగా పట్టకపోయినా జరిగేది అచ్చం ఇదే. చెవి గోడకీ రబ్బరుకీ మధ్య సందు ఉంటే అదీ ఒక చిల్లే.

వెనక చిల్లు దీనికి తిరగేసి పని చేస్తుంది. వెనక గది పూర్తిగా మూసుకుపోతే అందులోని గాలి స్ప్రింగులా పొరను వెనక్కి నెడుతుంది, బేస్‌కు కావాల్సినంత దూరం పొర కదలలేదు. చిల్లు తెరిచి ఉంటే కదలిక తేలికవుతుంది, బేస్ పెరుగుతుంది. కాబట్టి మామూలుగా ముందు చిల్లు మూస్తే బేస్ ఎక్కువ, వెనక చిల్లు మూస్తే బేస్ తక్కువ. ఈ రెంటినీ తారుమారు చేసుకుని టేపు వేసి, టేపు పద్ధతే పనికిరాదని తేల్చేవాళ్లు చాలామంది.

ఇక ఒకే మోడల్‌లో తేడాలు ఎలా పుడతాయంటే, ఈ దారులన్నిటికీ కాపలా కాసేది కాగితమూ జిగురూ కాబట్టి. డ్రైవర్ వీపు మీది కాగితం నేత ఒక చుట్టకూ ఇంకో చుట్టకూ కొంచెం మారినా, దాన్ని అతికించేటప్పుడు జిగురు ఒక రంధ్రంలోకి పాకినా గాలికి తగిలే అడ్డు మారిపోతుంది. గుల్ల రెండు ముక్కలూ కలిసే అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు మిగిలితే, అది డిజైన్‌లో లేని చిల్లు. నాజిల్ జాలి వంకరగా కూర్చుంటే పక్కనుంచి గాలి పోతుంది. ఖరీదైన వాటిలో ఎడమ, కుడి డ్రైవర్లను కొలిచి ఒకదానికొకటి సరిపోయేవాటిని జతచేస్తారు. చవక వాటిలో అంత శ్రమకు ధర సరిపోదు. ఎడమకూ కుడికీ తేడా 1 డెసిబెల్ లోపుంటే అది మంచి జత. ఈ ధరలో కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 2, 3 డెసిబెళ్ల తేడా కనిపించడం వింతేమీ కాదు. ఆ తేడా 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) కింద ఉంటే చాలామందికి తెలియదు. 300 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటే మాత్రం నడినెత్తిన వినిపించాల్సిన గొంతు ఒక చెవి వైపు ఒరుగుతుంది.

దీనికి తోడు మన చెవే ఒక వాయిద్యం. కర్ణ నాళం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. ఒక కొస తెరిచి ఒక కొస మూసి ఉన్న గొట్టంలా అది 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని పెంచుతుంది. పుట్టినప్పటి నుంచీ లోకాన్ని ఆ పెంపుతోనే వింటున్నాం కాబట్టి అదే మనకు సహజం. ఇయర్‌ఫోన్ దూర్చగానే తెరిచిన కొస మూసుకుపోతుంది, ఆ పెంపు పోతుంది. పోయినదాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. ఆడియో పరికరాల సంస్థ హర్మన్‌లో పరిశోధకుడు షాన్ ఆలివ్, ఆయన సహచరులు శ్రోతలతో పరీక్షలు జరిపి, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉంటే బాగుంటుందో చూపేలా తయారుచేసిన లక్ష్య రేఖలో 3,000 హెర్ట్జ్ దగ్గర గుట్ట కనిపించేది అందుకే. ఇన్‌-ఇయర్‌లకు దాని 2019 రూపాన్ని ఇప్పటికీ చాలామంది కొలబద్దగా వాడుతున్నారు. గుట్ట తక్కువైతే గాయకుడు గోడ వెనక నిలబడి పాడినట్టుంటుంది. ఎక్కువైతే మొహం మీదే అరిచినట్టుంటుంది. 2022లో మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో వంటి ఇయర్‌ఫోన్ మోడళ్లు 20 డాలర్ల చుట్టుపక్కల ధరకు వచ్చి అంత పేరు తెచ్చుకోవడానికి కారణం ఈ గుట్టనూ బేస్‌నూ లెక్క ప్రకారం అమర్చుకోవడమే. వాటిలో ఉన్నది మామూలు 10 మిల్లీమీటర్ల ఒంటి డ్రైవరే.

ఇంకొక శిఖరం 8,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇది ఇయర్‌ఫోన్‌ది మాత్రమే కాదు, మీ చెవిలో దాన్ని ఎంత లోతుకు పెట్టారన్నదానిదీ. నాజిల్ మూతి నుంచి కర్ణభేరి దాకా 22 మిల్లీమీటర్లు మిగిలితే శిఖరం సుమారు 8,000 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. 17 మిల్లీమీటర్లే మిగిలితే 10,000కు జరుగుతుంది. అంటే రబ్బరు సైజు మార్చి 5 మిల్లీమీటర్లు లోపలికి దూర్చితే, ‘స’, ‘శ’, ‘ష’ అక్షరాల దగ్గర చెవిలో గుచ్చుకునే పదును పక్కకు తప్పుకోవచ్చు. రివ్యూల్లో చూపే కొలతల గ్రాఫుల్లో 8,000 పైన కనిపించే గీతల్ని మీ చెవికి యథాతథంగా అన్వయించుకోవద్దనడానికి ఇదే కారణం. కొలిచే పరికరంలో వాళ్లు దూర్చిన లోతు వేరు, మీ చెవిలో లోతు వేరు.

ముందు రబ్బరు, తర్వాతే మిగతావి

ఏ మార్పుకైనా ముందు రబ్బరు పట్టు సరిచూడాలి. ఒకే స్వరాన్ని ఆడించే టోన్ జనరేటర్ యాప్‌లో 300 హెర్ట్జ్ పెట్టి హాయిగా వినిపించేంత వాల్యూమ్ ఉంచండి. అదే వాల్యూమ్‌లో 40 హెర్ట్జ్‌కు మార్చండి. శబ్దం దాదాపు మాయమైతే ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే బేస్ పొంగితే తప్పు డ్రైవర్‌ది కాదు, సందుది. దవడ కదిపినప్పుడు బేస్ వచ్చిపోతుంటే రబ్బరు చిన్నదైందని అర్థం. చాలామంది పెట్టెలో తగిలించి వచ్చిన మధ్య సైజుతోనే కాలం గడిపేస్తారు. రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని లేదు. ఎడమకు మధ్య సైజు, కుడికి పెద్దది సరిపోతే అలాగే పెట్టుకోండి. దూర్చేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగితే నాళం తిన్ననై రబ్బరు చక్కగా కూర్చుంటుంది.

రబ్బరు మూతి వెడల్పు కూడా సౌండ్‌ను మారుస్తుంది. మూతి ఇరుకైతే ట్రెబుల్ కొంత అణుగుతుంది, వెడల్పైతే విప్పారుతుంది. ఫోమ్ టిప్స్ (రబ్బరుకు బదులు తొడిగే స్పాంజి మొనలు) ట్రెబుల్ పదును తగ్గిస్తాయి, సందులు బాగా మూస్తాయి. వాటిని వేళ్ల మధ్య నలిపి సన్నం చేసి దూర్చి, పొంగేదాకా 20, 30 సెకన్లు పట్టి ఉంచాలి. రోజూ వాడితే కొన్ని నెలల్లోనే మెత్తదనం పోతుంది, అప్పుడు మార్చాల్సిందే. 200 రూపాయల రబ్బర్లతో తీరే సమస్యకు 2,000 పెట్టి కొత్త ఇయర్‌ఫోన్ కొనడం వృథా.

ఒకవైపు తగ్గిపోతే

అందరికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది. చాలాసార్లు డ్రైవర్ పోలేదు, జాలి పూడుకుపోయింది. గుబిలి, చెమట, రబ్బరు మీది జిడ్డు అన్నీ ఆ జాలి మీదే పేరుకుంటాయి. విజయవాడ, విశాఖ ఉక్కపోతలో గంటసేపు నడిచి వచ్చాక జాలి మీద నీటి పొర నిలిచి ఒకవైపు ఉన్నట్టుండి మూగబోవడం మామూలే. ముందు ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో ఆడియో బ్యాలెన్స్ నడిమధ్యన ఉందో లేదో చూడండి. తర్వాత ఎడమ ఇయర్‌ఫోన్‌ను కుడి చెవిలో, కుడిదాన్ని ఎడమ చెవిలో పెట్టి వినండి. తగ్గుదల అదే చెవిలో ఉండిపోతే సమస్య మీ చెవిలోనే ఉంది, గుబిలి కావచ్చు, డాక్టర్‌కు చూపించుకోవాలి. తగ్గుదల ఇయర్‌ఫోన్‌తో పాటు చెవి మారితే వైరు, రబ్బరు, జాలి ఒక్కొక్కటిగా మార్చి చూడాలి.

జాలి శుభ్రం చేసేటప్పుడు నాజిల్ మూతి నేలవైపే ఉండాలి. మెత్తటి పొడి బ్రష్‌తో పైపైన దులపాలి. బ్లూటాక్ లాంటి మెత్తటి ముద్దను నొక్కి లాగితే గుబిలి దానికి అంటుకుని వస్తుంది. పిన్నీసు పెట్టి పొడవకూడదు. జాలి చిరిగితే ట్రెబుల్ ఒక్కసారిగా పెరిగి ఇక తగ్గదు, పొడుపు లోతుకు పోతే పొరే చిరుగుతుంది. స్పిరిట్ వాడాలంటే విప్పదీసిన జాలికే వాడాలి, గుల్లకు ఉన్నప్పుడు చుక్క కూడా వద్దు. అది జాలిని దాటి లోపలి జిగురును కరిగించవచ్చు. తడి అనుమానం ఉంటే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. మూన్‌డ్రాప్ చూ 2 లాంటి కొన్నిటిలో నాజిల్‌నే మర తిప్పి తీసి మార్చుకోవచ్చు. ఉక్కపోత ఊళ్లలో ఉండేవాళ్లు కొనేటప్పుడు ఈ ఒక్క సౌకర్యం చూసుకున్నా ఇయర్‌ఫోన్ మరికొన్నేళ్లు నిలుస్తుంది.

రెండు వైపులా వస్తోంది గానీ బేస్ డొల్లగా ఉంది, గొంతు నడిమధ్యన నిలవకుండా తల చుట్టూ చెదిరిపోతోంది అనిపిస్తే లోపం వేరు. ఒకవైపు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఊడదీసే రెండు పిన్నుల వైరు ఉన్న మోడళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ఒకవైపు పిన్నును ఊడదీసి అరచుట్టు తిప్పి పెట్టండి. బేస్ వెంటనే గట్టిపడితే సమస్య అదే. వైరు మార్చేటప్పుడు 0.75, 0.78 మిల్లీమీటర్ల పిన్నులు రెండూ ఉంటాయని గుర్తుంచుకోండి. ఇరుకు సాకెట్‌లో లావు పిన్ను కుక్కితే సాకెట్ వదులై, తర్వాత పాత వైరు కూడా నిలవదు.

టేపు పని

మందుల షాపులో దొరికే మైక్రోపోర్ టేపు, అంటే కట్లు కట్టే తెల్ల కాగితపు టేపు, ఈ పనికి బాగా పనికొస్తుంది. దానిలోంచి గాలి కొద్దికొద్దిగా పోతుంది, అందుకే అది దారిని పూర్తిగా మూయదు, ఇరుకు చేస్తుంది. ప్లాస్టిక్ టేపు వేస్తే పూర్తిగా మూసినట్టే.

బేస్ చాలనప్పుడు ముందు చిల్లు పని చూడాలి. స్పిరిట్ అద్ది గట్టిగా పిండిన దూది పుల్లతో చిల్లు చుట్టూ ఉన్న జిడ్డు తుడవండి, తడి చిల్లులోకి పోకూడదు. టేపు నుంచి 3 మిల్లీమీటర్ల చదరపు ముక్కలు రెండు కోయండి. పట్టకారుతో ఒక్కొక్క ముక్కా చిల్లు మీద పెట్టి గోటితో అంచులు మాత్రమే నొక్కండి. మధ్యలో నొక్కితే జిగురు చిల్లులోకి దిగుతుంది. రెండు వైపులా ఒకే కూర్చోవడంలో వేయాలి, ఒకవైపు వేసి విని రెండోది రేపు వేద్దామనుకుంటే పోలికే పోతుంది. ఒక పొర చాలకపోతే రెండోది వేయండి. బేస్ మరీ ఎక్కువైతే ఆ ముక్క తీసేసి, కొత్త ముక్క మధ్యలో సన్న సూదితో ఒక్క పోటు పొడిచి వేయండి. పొడవడం గుల్ల మీద కాదు, ముక్క అతికించే ముందే బల్ల మీద చేయాలి.

ముందు చిల్లు మూస్తే ఒక నష్టం ఉంది. ఇయర్‌ఫోన్ దూర్చేటప్పుడు చెవిలోని గాలికి పోయే దారి ఉండదు, పొర లోపలికి సొట్టబోతుంది. చిటుక్కుమని చప్పుడు వస్తుంది, కాసేపు ఒకవైపు సౌండ్ పడిపోతుంది. పొర తిరిగి వచ్చేస్తుంది గానీ రోజూ అలా నలిగితే మడత పడవచ్చు. ఆ చప్పుడు ప్రతిసారీ వస్తుంటే టేపు తీసేయడమే మేలు.

బేస్ ఎక్కువై గొంతుల మీద దుప్పటి కప్పినట్టుంటే అదే ముక్కను వెనక చిల్లు మీద వేసి చూడండి. ‘స’కారాలు గుచ్చుకుంటుంటే నాజిల్ పని. జాలి మీద దానంత గుండ్రటి టేపు ముక్క, మధ్యలో సూది రంధ్రం ఒకటి, పైన రబ్బరు. ఇది 2,000 హెర్ట్జ్ నుంచి పైకి అణుస్తుంది. అతి చేస్తే గొంతులే మసకబారతాయి, అప్పుడు రంధ్రం పెద్దది చేయండి. మూతి లోపల బియ్యపు గింజలో సగమంత మెత్తటి స్పాంజి ముక్క పెట్టే పద్ధతీ ఉంది, దాన్ని జాలి వెనక్కి కుక్కకూడదు. నాజిల్ మీది టేపు చెమటకు ఊడి చెవిలో మిగిలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వారానికోసారి రబ్బరు తీసి చూసుకోవాలి. దూది నారలు మాత్రం వాడొద్దు.

ఫోన్ నుంచి సరిచేయడం

ఈక్వలైజర్, అంటే ఫ్రీక్వెన్సీల వారీగా శబ్దాన్ని పెంచి తగ్గించే యాప్, వాడటం మోసమనే భావన కొందరిలో ఇంకా ఉంది. అందులో అర్థం లేదు. ఒంటి డ్రైవర్ ఉన్న చవక ఇయర్‌ఫోన్‌కు ఈక్వలైజర్ ఎంతో మేలు చేస్తుంది. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, పవర్‌యాంప్ ఈక్వలైజర్ ఉన్నాయి. బేస్ పెంచాలంటే 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (దాని కింద ఉన్నదంతా పెంచే ఫిల్టర్), క్యూ విలువ (మార్పు ఎంత ఇరుకుగా ఉండాలో చెప్పే అంకె) 0.7, పెంపు 4 డెసిబెళ్లు పెట్టి మొదలుపెట్టండి. ప్రీయాంప్‌ను (మొత్తం శబ్ద స్థాయిని) అంతే మేరకు, అంటే మైనస్ 4కు దించండి. దించకపోతే గట్టి దెబ్బలు పడ్డచోట శబ్దం పగులుతుంది. గుచ్చుకునే చోటు పట్టుకోవాలంటే టోన్ జనరేటర్‌ను 4,000 నుంచి 10,000 హెర్ట్జ్ దాకా మెల్లగా, తక్కువ వాల్యూమ్‌లో జరపండి. ఎక్కడ ఉన్నట్టుండి చురుక్కుమంటే అక్కడ క్యూ 3తో మైనస్ 3 డెసిబెళ్లు చాలు. ఎడమ, కుడి తేడా ఉంటే ఈక్వలైజర్ ఏపీఓలో ఒక్కొక్క చానల్‌కు విడిగా విలువలు ఇవ్వవచ్చు. ఆ పని ఏ టేపూ అంత కచ్చితంగా చేయలేదు.

ఆటోఈక్యూ అనే ఉచిత సేకరణలో ఒక్కో మోడల్‌కు సిద్ధంగా దొరికే ఈక్వలైజర్ విలువలు వాడుకోవచ్చు గానీ అవి ఎవరో కొలిచిన ఒక్క పీసువి. మీ పీసు కాగితం వేరు, మీ చెవి లోతు వేరు. 8,000 పైన ఉన్న దిద్దుబాట్లు తీసేసి వినండి, చాలాసార్లు అదే బాగుంటుంది. రబ్బరు సందును మాత్రం ఈక్వలైజర్ పూడ్చలేదు. పోయిన బేస్‌ను 12 డెసిబెళ్లు పెంచి తేవాలని చూస్తే పొర దాని హద్దు దాటి కదిలి బేస్ మురికిగా వినిపిస్తుంది.

ఒకే ఇయర్‌ఫోన్ ఫోన్‌లో ఒకలా, ల్యాప్‌టాప్‌లో ఇంకోలా వినిపిస్తే దాన్ని భ్రమ అని కొట్టేయకండి. పైన చెప్పిన తీగ చుట్ట, అయస్కాంతం రకం ఒంటి డ్రైవర్‌కు విద్యుత్ నిరోధం (ఓముల్లో కొలిచేది) దాదాపు అన్ని ఫ్రీక్వెన్సీల వద్దా ఒకేలా ఉంటుంది, తేడా తక్కువ. నాలుగైదు డ్రైవర్లు కుక్కిన హైబ్రిడ్ మోడళ్లలో అలా కాదు. ఒకచోట 8 ఓములు, ఇంకోచోట 30 ఓములు ఉన్న ఇయర్‌ఫోన్‌ను 10 ఓముల అవుట్‌పుట్ నిరోధం ఉన్న పరికరానికి తగిలిస్తే మొదటిచోట 7 డెసిబెళ్లు, రెండోచోట రెండున్నర డెసిబెళ్లు తగ్గుతాయి. అంటే నాలుగున్నర డెసిబెళ్ల మేర ఆకారమే మారిపోయింది. అవుట్‌పుట్ నిరోధం 1 ఓము ఉంటే ఆ తేడా ఒక్క డెసిబెల్ కూడా ఉండదు. ఇలాంటివాటికి 1 ఓము చుట్టూ ఉన్న చిన్న టైప్‌-సీ డాంగిల్ (ఫోన్‌కు తగిలించే ఇయర్‌ఫోన్ అడాప్టర్) చాలు.

మార్పు ఏదైనా చేశాక పోల్చడంలో పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. రెంటిలో ఏది 1 డెసిబెల్ గట్టిగా వినిపిస్తే అదే బాగున్నట్టు చెవి నమ్ముతుంది. వాల్యూమ్ సమానం చేసి, అదే పాటలో అదే 20 సెకన్లు వినాలి. గొంతుకు ‘స’, ‘చ’ ఎక్కువున్న చరణం, బేస్‌కు మృదంగం తొప్పి వైపు దెబ్బ స్పష్టంగా ఉన్న రికార్డింగు ఎంచుకోండి. 100 గంటలు ఆడిస్తే సౌండ్ తెరుచుకుంటుందన్న మాటను నమ్మి నాసి పీసును అట్టే పెట్టుకోవద్దు. ఆ గంటల్లో ఎక్కువగా అలవాటు పడేది చెవే, పైగా తీసి మళ్లీ పెట్టుకున్న ప్రతిసారీ వచ్చే తేడా దానికంటే పెద్దది. వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. రబ్బరు సందు వల్ల పోయిన బేస్ కోసం వాల్యూమ్ పెంచేవాళ్లు తెలియకుండానే ఆ హద్దు దాటేస్తారు.

కొన్నిటికి టేపూ లేదు, ఈక్వలైజరూ లేదు. 200 హెర్ట్జ్ నుంచి 20 దాకా టోన్ మెల్లగా దించుతూ వినండి. ఒకే చోట, తక్కువ వాల్యూమ్‌లో కూడా, కాగితం కొట్టుకున్నట్టు బరబరమంటే పొర మీద వెంట్రుకో ముక్కో పడి ఉంది, లేదా తీగ చుట్ట అయస్కాంతానికి రాసుకుంటోంది. గుల్ల విప్పితే మళ్లీ అదే బిగువుతో మూయడం కష్టం. అందుకే ఈ టోన్ పరీక్ష, ఎడమ కుడి మార్చి వినడం, పిన్ను తిప్పి చూడడం పీసు ఇంటికొచ్చిన మొదటి సాయంత్రమే చేయండి. వాపసు గడువు ముగిసేదాకా గుల్ల మీద టేపు ముక్క కూడా అతికించకండి.